మేడమీద వాటా

పోయిన మాఘమాసంలో ఒకరోజు పొద్దున్నే మా తమ్ముడు నా ఫోనుకి ఒక ఫొటో పంపించాడు. దాని కింద రెండు ముక్కల ప్రకటన. "బ్రాడీపేటలో పాత మేడ. పై వాటా అమ్మకానికి కలదు. 100 గజాల అవిభాజ్య వాటాతో. కట్టడం పాతది, స్థలం విలువకే ఇవ్వబడును." ఫొటోలో ఇంటి ముఖం ఉంది. పిట్టగోడ నడుమ సిమెంటుతో పోతపోసిన దీపపుకుందె, దాని కింద ఇల్లు కట్టిన సంవత్సరం. నాలుగంకెల్లో మూడే మిగిలాయి, 195 అని. నాలుగో అంకె ఉండాల్సిన చోట ఇటుక బయటపడి ఉంది.

ఆ ఊడిపోయిన అంకె ఏడు. అది ఊడిపడిన రాత్రి నేను ఆ ఇంట్లోనే ఉన్నాను.

తమ్ముడు ఫొటోకి తోడు ఒక్క మాటా రాయలేదు. నేనూ వెంటనే ఏమీ రాయలేకపోయాను. "స్థలం విలువకే" అన్నచోట నా చూపు ఆగిపోయింది. నేను బ్యాంకులో 33 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. అందులో 11 ఏళ్ళు ఇళ్ళ అప్పుల దగ్గరే. పాత ఇంటి కాగితాలు వచ్చినప్పుడు వాల్యుయరు రిపోర్టులో రెండు గడులుండేవి. ఒకటి స్థలం విలువ, రెండోది కట్టడం విలువ. ఇంటికి ఇన్నేళ్ళ ఆయుష్షని వేసుకుని, ఏడాదికి ఇంత చొప్పున తరుగు తీసేస్తే, పాతిళ్ళకి రెండో గడిలో మిగిలేది తలుపుల కలప ఖరీదు మాత్రమే. చాలామంది దాన్ని కూడా వదిలేసి సున్నా చుట్టేవారు. అలాంటి రిపోర్టుల మీద నేను ఎన్ని సంతకాలు పెట్టానో లెక్కలేదు. నియమం అదే కాబట్టి పెట్టాను. కానీ నేను పెరిగిన ఇంటికే ఆ సున్నా పడిందని చూసేసరికి మనసు ఊరుకోలేదు. ఆ రెండో గడిలో నిజంగా ఏముందో, నాకు తెలిసినంత మటుకు రాసి పెడదామని కూర్చున్నాను.

గుంటూరు తెలియనివాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. బ్రాడీపేట, అరండల్‌పేట రెండూ దొరల పేర్లతో వెలసిన పేటలు. ఒక వరస వీధుల్ని లైన్లు అంటాం. వాటిని కోసుకుంటూ పోయేవి అడ్డరోడ్లు. "మీ ఇల్లెక్కడ" అంటే "నాలుగు బై పద్నాలుగు" అని చెబితే చాలు, రిక్షా అతను మారు మాట్లాడకుండా తీసుకొచ్చి దింపేవాడు. రెండు పేటల నడుమ రైలు పట్టాలు. పట్టాల మీదుగా శంకర్ విలాస్ దగ్గర ఓవర్‌బ్రిడ్జి.

1954 జులైలో ఆంధ్ర రాష్ట్రపు హైకోర్టును గుంటూరులో పెట్టారు. కోస్తా, రాయలసీమల్లో రాజధాని ఒక ప్రాంతానికి ఇస్తే హైకోర్టు రెండో ప్రాంతానికి ఇవ్వాలన్నది 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక. కర్నూలుకి రాజధాని వెళ్ళింది, కోర్టు మనకు వచ్చింది. కోకా సుబ్బారావుగారు మొదటి ప్రధాన న్యాయమూర్తి. తర్వాత ఆయన దేశానికే ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. కోర్టు వచ్చిందంటే దాని వెనక ప్లీడర్లు, గుమాస్తాలు, టైపిస్టులు, వాళ్ళ సంసారాలు. వాళ్ళందరికీ ఇళ్ళు కావాలి. మేం అద్దెకున్న ఆ ఇంటి యజమాని కూడా ప్లీడరే. ఆ ఇంట్లో పెరిగిన పిల్లలందరికీ ఆయన ప్లీడరు తాతగారు. 1955లో ఆయన తన పెంకుటిల్లు పడగొట్టించి, 400 గజాల స్థలంలో మేడకి ముగ్గు పోయించారు. కింద తన ఆఫీసు, కాపురం. పైన మద్రాసు నుంచి దిగే పెద్ద వకీలు ఎవరికైనా అద్దెకివ్వాలని.

గోడలు లేచి పైకప్పు పడేలోగా 1956 నవంబరు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, హైకోర్టు హైదరాబాదుకి వెళ్ళిపోయింది. మొత్తం రెండేళ్ళ నాలుగు నెలలు. "మగపెళ్ళివారు విడిదిలో దిగి, విస్తళ్ళు వేయకముందే లేచి వెళ్ళిపోయినట్టయిందే" అనేవారు మామ్మగారు, తాతగారి భార్య. పునాది పెద్దది, అప్పు అంతకంటే పెద్దది. తాతగారు ఆలోచన మార్చుకుని ఒక పెద్ద కాపురం కోసం తలపెట్టిన మేడని నాలుగు వాటాలుగా విడగొట్టించారు. కింద రెండు, పైన రెండు. ప్రతి వాటాకీ ఒక వసారా, రెండు గదులు, వంటిల్లు. 1957లో గృహప్రవేశం. ఇప్పటి మాటలో చెప్పాలంటే అది అపార్టుమెంటే. మన రాష్ట్రంలో అపార్టుమెంట్ల చట్టం 1987లో వచ్చింది, ఆ ఇల్లు దానికి 30 ఏళ్ళ ముందే నలుగురి సంసారాలు మోస్తోంది.

ఆ ఇల్లు ఎలా కట్టారో నాకు మామ్మగారే చెప్పారు, డాబా మీద చిన్నగుడ్డ పరిచి వడియాలు పెడుతూ. అప్పట్లో సిమెంటు, ఇనుము కంట్రోలు సరుకులు. పర్మిటు లేనిదే బస్తా దొరికేది కాదు. అందుకని ఇంట్లో సిమెంటు కనపడేది రెండు మూడు చోట్లే. గచ్చు, సన్‌షేడ్లు, పిట్టగోడ మీది దీపం. మిగతాదంతా సున్నమే. పెరట్లో గుండ్రంగా కాలవ తవ్వించి, రాతి చక్రం దించి, ఎద్దుని కట్టి పొద్దస్తమానం గానుగ తిప్పించారట. పిడుగురాళ్ళ సున్నం, ఏటి ఇసుక కలిపి మెత్తగా నూరిన ఆ గానుగ సున్నంతోనే గోడలు లేపారు. పిల్లర్లు లేవు. బరువంతా గోడలదే. కింద గోడ మందం 18 అంగుళాలు. కిటికీ గూట్లో నేను బాసింపట్టు వేసుకుని కూర్చుని చదువుకునేదాన్నంటే ఆ మందం మీకు తెలుస్తుంది.

పైకప్పు మద్రాసు టెర్రసు. టేకు దూలాలు వరసగా పరిచి, వాటి మీద పలచటి చిన్న ఇటుకల్ని నిలువుగా, ఏటవాలు వరసల్లో సున్నంతో అతుక్కుంటూ పోతారు. ఇటుక మీద ఇటుక కాదు, ఇటుకని ఇటుక పట్టుకుని నిలబడుతుంది. దాని మీద ఇటుక ముక్కలూ సున్నం కలిపిన మాలు నాలుగైదు అంగుళాల మందాన వేసి, ఆడకూలీలు వరసగా కూర్చుని చెక్కలతో కొడతారు. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు. కొట్టిన చెక్క ఎగిరి వెనక్కి రావాలి, అప్పటిదాకా కొట్టాల్సిందే. మధ్యమధ్య కరక్కాయలు నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు చల్లుతారు. ఎవరో ఒకావిడ పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకునేవారట, ఆ పాట తాళానికే దెబ్బ పడేదట. "పదకొండు రోజులు కొట్టారే, ఆ చప్పుడికి మీ తాతగారు నిద్రలో కూడా కాళ్ళాడించేవారు" అని మామ్మగారు చెప్పి నవ్వేవారు. తర్వాత వేసవిలో అదే డాబా మీద పడుకున్నప్పుడల్లా నేను చెవి ఆనించి వినేదాన్ని, ఆ దెబ్బలు లోపల ఇంకా ఉన్నాయేమోనని.

మేము ఆ ఇంట్లోకి 1963లో వచ్చాం. అప్పటికి నాకు నాలుగేళ్ళు, తమ్ముడు అమ్మ చంకలో ఉన్నాడు. నాన్న పొగాకు కంపెనీలో గుమాస్తా. అద్దె నెలకి 45 రూపాయలు. మేడమీద ముందు వాటా మాది. వెనక వాటాలో హైస్కూలు హిందీ పంతులుగారు, ఆయన భార్య, వాళ్ళమ్మగారు. కింద ముందు వైపు ఇంటివారు. కింద వెనక వాటాలో రైల్వే గార్డుగారి కుటుంబం. గార్డుగారి అమ్మాయి నా ఈడుదే. గార్డుగారి భార్యని నేను పిన్నిగారూ అనేదాన్ని, మా అమ్మని ఆ పిల్ల పెద్దమ్మా అనేది. ఏ చుట్టరికమూ లేదు, కులాలు కూడా వేరు. పిలుపులు అలా కుదిరిపోయాయంతే.

పెరట్లో బావి ఒకటే, గిలక ఒకటే, చేంతాడు ఒకటే. రుబ్బురోలు కూడా ఒకటే, వెనక వసారాలో. పొద్దున్న నీళ్ళకి ఎవరి వంతు ముందో, పిండికి ఎవరి వంతు వెనకో ఏ కాగితం మీదా రాసుకోలేదు. పంతులుగారి అమ్మగారు మడి కట్టుకుని దిగితే అందరూ బొక్కెన వదిలేసేవారు. గార్డుగారు రాత్రి డ్యూటీ దిగి వచ్చిన రోజున ఆయన స్నానం అయ్యేదాకా మిగతా పనులు ఆగేవి. ఎండాకాలంలో మునిసిపాలిటీ కుళాయి సన్నబడిపోయినప్పుడు, వీధిలో నాలుగైదు ఇళ్ళవాళ్ళు మా బావికే వచ్చేవారు. ఒక ఏడు మాత్రం బావి అడుగు కనపడింది. ఆ ఏడు పూడిక తీయించడానికి నాలుగు వాటాలవాళ్ళూ తలా పది రూపాయలు వేసుకున్నారు. ఇంటివారు ఆ డబ్బు అద్దెలో తగ్గించుకోమన్నారు, ఎవరూ తగ్గించుకోలేదు.

గచ్చు సంగతి చెప్పకపోతే అమ్మ ఆత్మ ఒప్పుకోదు. ఎర్ర సిమెంటు గచ్చు, అంచున జానెడు నల్ల పట్టీ. రోజూ తడిగుడ్డ పెట్టి, పండగ ముందు మాత్రం ఒక చుక్క కొబ్బరినూనె రాసి రుద్దేది. మధ్యాహ్నం పూట ఆ గచ్చు మీద చాప కూడా లేకుండా పడుకునేవాళ్ళం. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండ బయట కాస్తున్నా, 12 అడుగుల ఎత్తున ఉన్న కప్పు, గోడల పైభాగాన వెంటిలేటర్లు, కిటికీలకి కింద రెక్కలు మూసి పై రెక్కలు తెరిచే వీలు, వీటన్నిటితో ఆ గది ఒక చెట్టు నీడలా ఉండేది. వేడిగాలి పైకి పోయి వెంటిలేటర్ల గుండా బయటపడేది. మందపాటి గోడ పగలంతా తాగిన ఎండని రాత్రి ఎప్పటికో గానీ లోపలికి విడిచేది కాదు. అది విడిచే వేళకి మేం లోపల ఉండేవాళ్ళం కాదు, డాబా మీద ఉండేవాళ్ళం.

సాయంత్రం ఆరు దాటగానే నేనూ గార్డుగారి అమ్మాయీ బకెట్లతో నీళ్ళు పైకి మోసి డాబా తడిపేవాళ్ళం. మొదటి బకెట్టుకి ఆవిరి, రెండో బకెట్టుకి వాసన, మూడో బకెట్టుకి చల్లదనం. నాలుగు కుటుంబాలకి నాలుగు మూలలు. నవారు మంచాలు, మడత మంచాలు, మూతి మీద గ్లాసు బోర్లించిన కూజాలు. పంతులుగారు పడుకుని చుక్కల పేర్లు చెప్పేవారు. రాత్రి పొద్దుపోయాక మాచర్ల వైపు వెళ్ళే మీటరుగేజీ బండి కూత వినపడేది. బొగ్గు ఇంజను. గాలి ఇటు తిరిగితే పొద్దున్నకి దుప్పట్ల మీద సన్నటి నుసి. గార్డుగారు కూత వినగానే డ్రైవరు ఎవరో చెప్పేవారు. మిరపకాయల రోజుల్లో గాలిలో ఘాటు కలిసి వచ్చి నలుగురి మూలల్లోంచి ఒకేసారి తుమ్ములు మొదలయ్యేవి. ఆ నాలుగు మూలల మధ్య గోడ లేదు, గీత కూడా లేదు. అయినా ఎవరి మంచం ఎవరి వైపుకీ జరిగేది కాదు.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమని ముంచేసిన తుపాను. మేం సముద్రానికి దూరం, మాకు తగిలింది దాని చెంగు అంచు మాత్రమే. ఆ అంచే చాలింది. చీకటి పడేవేళకి కరెంటు పోయింది. గాలి ఈలగా మొదలై తర్వాత ఊళ ఎత్తింది. తాతగారు లాంతరు పట్టుకుని మెట్లెక్కి వచ్చి, "అందరూ కిందికి రండి" అన్నారు. నాలుగు వాటాలవాళ్ళం కింద ఆఫీసు గదిలో, లా పుస్తకాల బీరువాల మధ్య కూర్చున్నాం. మామ్మగారు కుంపటి మీద ఉప్మా చేశారు. గార్డుగారు డ్యూటీలో ఉన్నారు, పిన్నిగారు రాత్రంతా తలుపు వైపే చూస్తూ కూర్చున్నారు. నడిరేయి దాటాక పైన ఏదో విరిగిన చప్పుడు, ఆ వెంటనే ముంగిట్లో దభేల్మని ఏదో పడింది. పొద్దున్నే చూస్తే వెనక వసారా పెంకులన్నీ పక్కింటి దొడ్లో ఉన్నాయి, ముందు పిట్టగోడ మీది ఏడంకె ముంగిట్లో రెండు ముక్కలై ఉంది. మేడ మాత్రం గీత కూడా పడకుండా నిలబడింది. ఆ మధ్యాహ్నం గార్డుగారు తడిసి ముద్దయి ఇల్లు చేరారు. దివిసీమ కబుర్లు రావడం మొదలయ్యాక ఇక ఎవరూ ఆ అంకె గురించి మాట్లాడలేదు. దాన్ని తిరిగి అతికించాలని కూడా ఎవరికీ అనిపించలేదు.

1979లో నాన్నకి బదిలీ అయ్యి ఇల్లు ఖాళీ చేశాం. అప్పటికి అద్దె 160. తర్వాత నా చదువు, ఉద్యోగం, పెళ్ళి. 1996లో మేమూ గుంటూరులోనే ఒక అపార్టుమెంటులో ఫ్లాటు కొనుక్కున్నాం. మంచి ఫ్లాటే, అందులోనే పిల్లలు పెరిగారు. కానీ 20 ఏళ్ళు తిరగకుండానే బాత్రూము స్లాబు పెచ్చులు రాలింది. లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బి, పైనున్న కాంక్రీటుని తోసేసింది. రిపేరుకొచ్చిన ఇంజనీరు వివరంగా చెప్పాడు. గాలి, తడి లోపలికి చేరితే ఇనుము తుప్పు పడుతుంది, తుప్పు పడితే లావెక్కుతుంది, లావెక్కితే పగులుతుంది. అప్పుడు నాకు మొదటిసారి ఆ పాత కప్పు గుర్తొచ్చింది. అందులో తుప్పు పట్టడానికి ఇనుమే లేదు.

ఫొటో వచ్చిన మూడో రోజున బ్రోకరు అబ్బాయికి ఫోను చేసి ఇల్లు చూడ్డానికి వెళ్ళాను. అక్కడ కాపురమున్నానని అతనికి చెప్పలేదు. మెట్లు 24. పొట్టి మెట్లు, వెడల్పు మెట్లు. మోకాళ్ళు గొణుక్కోలేదు. మలుపులో జాలీ అలాగే ఉంది, దాని పువ్వుల నీడ గోడ మీద అదే చోట పడుతోంది. తలుపు తీశాడు. గదిలో నేననుకున్నంత పెద్దది ఏదీ లేదు, నేననుకున్నంత ఎత్తు మాత్రం ఉంది. దూలానికి ఉయ్యాల కొక్కేలు రెండూ ఉన్నాయి. మా తమ్ముడిని ఊపిన కొక్కేలు. ఎర్ర గచ్చు మీద ఎవరో ప్లాస్టిక్ షీటు అతికించారు. మూల లేచి ఉంటే కాలితో కొంచెం జరిపాను, కింద నల్ల పట్టీ కనపడింది.

బ్రోకరు అబ్బాయి మంచివాడే, తన లెక్క తను చెప్పాడు. "మేడమ్, ఇల్లు చూడకండి, స్థలం చూడండి. హైకోర్టు మళ్ళీ మన వైపు వచ్చింది, ప్లీడర్లందరికీ బ్రాడీపేటే కావాలి. మీరు కొన్నారంటే మిగతా ముగ్గురితో కలిసి బిల్డరుకి డెవలప్‌మెంటుకి ఇచ్చేయొచ్చు. సగం సగం చొప్పున మీకు కొత్త ఫ్లాటు వస్తుంది." అతను చెప్పింది నిజమే. 2019లో హైకోర్టు మళ్ళీ ఈ వైపుకి, నేలపాడుకి వచ్చింది. ఏ కోర్టు కోసం ఈ ఇల్లు కట్టారో ఆ కోర్టు తిరిగొచ్చిన పుణ్యాన ఈ ఇల్లు పడగొడతారా అని నాకు గొంతు పట్టేసింది.

మర్నాడు ఒక ముసలి మేస్త్రీని వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళాను. మా ఫ్లాటు రిపేరు చేసిన అతని తండ్రి, 70 దాటినవాడు. చిన్నతనంలో సున్నపు పని చేసిన చేతులు. గదిలో నిచ్చెన వేయించుకుని సుత్తి మడమతో ఒక్కో దూలాన్నీ తట్టుకుంటూ పోయాడు. గట్టి దూలం కంగుమంటుంది, పుచ్చింది బొదబొదమంటుంది. మొత్తం తట్టి కిందికి దిగి, "పదిట్లో ఎనిమిది నిక్షేపంలా ఉన్నయ్యమ్మా. రెండింటికి మాత్రం గోడలో దాగిన కొసలు పోయినయ్" అన్నాడు. డాబా ఎక్కి చూసి తల పట్టుకున్నాడు. "తెలియనోడెవడో పైన సిమెంటు మాలు రుద్దాడు. సున్నం గాలి పీల్చుద్ది, వదిలిద్ది. సిమెంటు వదలదు. లోన చేరిన తడి బయటికి పోలేక దూలానికి పట్టింది. ఆ సిమెంటు చెక్కేసి మళ్ళీ సున్నమే పెట్టాలి." పిట్టగోడ పగులులో మొలిచిన రావి మొక్కని వేళ్ళతో సహా లాగి పక్కన పెట్టాడు. "సున్నం దొరుకుద్దా" అని అడిగాను. "సున్నానికేమమ్మా, పిడుగురాళ్ళ ఎక్కడికి పోయింది? కొట్టే ఆడోళ్ళే లేరు" అన్నాడు. కాసేపాగి, "నేను చూపిస్తే మా మనవడు నేర్చుకుంటాడు" అన్నాడు.

ఇక కాగితాలు. అది నా పాత పని. అమ్ముతున్నది తాతగారి మనవరాలు, హైదరాబాదులో ఉంటుంది. నేను చంకనెత్తుకుని తిప్పిన పిల్ల. ఎవరో చెప్పేసరికి "అత్తయ్యగారూ, మీరా!" అని ఫోనులోనే ఏడ్చింది. లింకు డాక్యుమెంట్లన్నీ, అంటే ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులన్నీ, స్కాన్ చేసి పంపింది. ఈసీ, అంటే ఆస్తి మీద ఏ అప్పులూ లావాదేవీలూ ఉన్నాయో చూపే కాగితం, తీయించాను, శుభ్రంగా ఉంది. ఇలాంటి ఇళ్ళు కొనాలనుకునేవాళ్ళు తప్పక చదవాల్సింది పంపకాల దస్తావేజు. పై వాటా కొన్నప్పుడు కింద నేలలో హక్కు ఎంత, మెట్లు ఎవరివి, డాబా ఎవరిది, ఇవి అందులో తేటగా లేకపోతే ఎంత మంచి ఇల్లయినా కొనకూడదు. బ్యాంకుకి వచ్చిన తగాదాల్లో సగం డాబా దగ్గరే మొదలయ్యేవి.

తాతగారు పోయాక 1984లో పిల్లలు రాసుకున్న దస్తావేజు అది. మూడో పేజీలో, నీలం సిరా చేతిరాతలో, ఇలా ఉంది: "బావి, గిలక, నీళ్ళ గాబు, మేడమెట్లు, మేడ పైభాగము, రాకపోకల దారి, ఇవి నాలుగు వాటాలవారికిని ఉమ్మడిగా అనుభవింపదగినవి. నలుగురి సమ్మతి లేనిదే వీటిని మార్చుటకు గాని తీయుటకు గాని ఎవరికిని హక్కు లేదు."

నేను జీవితంలో కొన్ని వేల దస్తావేజులు చదివాను. చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నది ఈ ఒక్కదానికే. మేం అద్దెకున్నవాళ్ళం, మా పేర్లు అందులో లేవు. కానీ మేం బతికిన తీరే ఆ వాక్యంలో ఉంది. తాతగారి పిల్లలు మమ్మల్ని చూసి పెరిగారు, పంచుకునేవేళ అదే రాసుకున్నారు. పైగా ఆ వాక్యానికి ఒక బలం కూడా ఉంది. నలుగురిలో ఒక్కరు సంతకం పెట్టకపోయినా మాటలతో ఆ మేడని పడగొట్టడం కుదరదు. కోర్టుకెక్కితే అది వేరే దారి, ఏళ్ళు పట్టే దారి.

మా అబ్బాయి బెంగుళూరు నుంచి రాత్రి గంటసేపు మాట్లాడాడు. "లిఫ్టు లేదు, పార్కింగు లేదు, లోను ఇవ్వరు, రేపు అమ్మాలన్నా స్థలం కిందే పోతుంది" అన్నాడు. అన్నీ నిజాలే, వాడు నా కొడుకు కనుక లెక్క బాగా వచ్చు. 1957 నాటి కట్టడానికి అప్పు ఇవ్వరని నాకంటే ఎవరికి తెలుసు? గజం ధరని నూటితో హెచ్చవేసిన మొత్తం, దాని మీద స్టాంపు 5 శాతం, బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషను ఒక శాతం. మా ఫ్లాటు అమ్మాలి, రిటైర్మెంటు డబ్బు కొంత తీయాలి. "అమ్మా, అంత డబ్బుకి ఏం కొంటున్నావ్?" అన్నాడు. "డబ్బు స్థలానికే ఇస్తున్నానురా. ఇల్లు ఊరికే ఇస్తున్నారు" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ కొక్కేలు గట్టిగానే ఉన్నాయా?" అని అడిగాడు. వాడికి ఐదు నెలల పాప ఉంది.

పోయిన గురువారం బయానా ఇచ్చాను.

ఆ రాత్రే గార్డుగారి అమ్మాయికి ఫోను చేశాను. ఇప్పుడు విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటుంది. వాళ్ళాయన పోయి నాలుగేళ్ళయింది, పిల్లలు దూరాన ఉన్నారు. సంగతి మొత్తం విన్నది. ధర అడగలేదు, ఎందుకు కొంటున్నావని అడగలేదు.

"బావి పూడ్చేశారా?" అంది.

"లేదు. ఇనప జల్లెడ వేసి ఉంచారు."

"నీళ్ళున్నాయా?"

"చిన్న రాయి జారవిడిచాను. చప్పుడొచ్చింది."

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వాళ్ళింట్లో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు నాకు వినపడుతూనే ఉంది.

"కింద వెనక వాటా ఇప్పుడెవరిది?"

"తాతగారి చిన్నబ్బాయిది. అమెరికాలో ఉన్నాడు. తాళం వేసి ఉంది."

"అమ్ముతాడా?"

"అడిగాను. కొనేవాళ్ళుంటే అమ్ముతానన్నాడు."

"ఆదివారం పొద్దున బండికి వస్తున్నానే. ఆ తాళం కూడా తీయించి ఉంచు."